మబ్బు హార్నెస్: చలి చివర నుంచి చిగుళ్ల దాకా

ముందు నాన్న కుడి భుజం గురించి చెప్పాలి. ఈ హార్నెస్‌ను, అంటే మెడకు బదులు కుక్క ఛాతీ చుట్టూ తొడిగే పట్టీల అమరికను, మబ్బు కోసం ఎంతగా కొన్నానో, ఆ భుజం కోసమూ అంతగా కొన్నాను.

మబ్బు మా కుక్క. నాలుగేళ్లది, 22 కిలోల బరువు, బూడిద రంగు, రెండు పొరల దట్టమైన బొచ్చు. గేటు దాటిన దగ్గర నుంచి తాడు లాగుతూనే నడుస్తుంది. శీతాకాలమంతా మెడపట్టీతోనే తిప్పాం. జనవరి చివర ఒక ఉదయం పిల్లిని చూసి ఒక్క గుంజు గుంజేసరికి నాన్న భుజం పట్టేసింది. ఆయనకు 68 ఏళ్లు. నొప్పి తగ్గడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ రోజుల్లో మబ్బు ఉదయం ఆరింటికల్లా ఆయన గది ముందు కూర్చునేది. "ఇవాళ కాదు తల్లీ" అని లోపలి నుంచి నాన్న చెప్పడం వంటింట్లోకి వినిపించేది. నాలుగు రోజులు విన్నాను. ఐదో రోజు హార్నెస్ కొన్నాను.

ఏడు వారాలు వాడాక రాస్తున్నాను. ఇది కొనదగిన వస్తువే. అయితే దీనితో పాటు ఇచ్చే సైజు పట్టికలో లేని విషయం ఒకటుంది. బొచ్చు దట్టంగా ఉన్న కుక్కకు చలి చివర్లో కొనేవాళ్లు దాన్ని తప్పకుండా తెలుసుకోవాలి. దాని వల్ల ఒక సాయంత్రం మాకు ప్రాణాలు పోయినంత పనైంది.

వస్తువు సంగతి. నైలాన్ పట్టీలు, లోపలివైపు మెత్త, నాలుగు చోట్ల బిగించుకునే వీలు, పొట్ట పక్కన రెండు క్లిప్పులు. వీపు మీద ఒక రింగు, ఛాతీ ముందు ఒక రింగు. ముందు నుంచి చూస్తే పట్టీలు ఇంగ్లీషు వై అక్షరంలా కనిపిస్తాయి, దాని కాడ ముందుకాళ్ల మధ్యగా కిందికి దిగుతుంది. ఈ ఆకారం కోసమే దీన్ని ఎంచుకున్నాను. కుక్కకు మనలా భుజాన్ని మొండేనికి కలిపే కాలర్‌బోన్ ఉండదు, ముందుకాళ్లు కండరాల మీదే వేలాడుతూ ఉంటాయి. భుజాలకు అడ్డంగా పోయే పట్టీ అడుగు బారగా పడనివ్వదు. ఈ రకంలో భుజం కీలు ఖాళీగా ఉంటుంది. మబ్బు దీన్ని తొడుక్కుని పరుగెత్తుతుంటే కాలు ఎంత ముందుకు చాస్తుందో పక్కనుంచి చూస్తే తెలుస్తుంది.

నాన్న మొదట ఒప్పుకోలేదు. "ఇన్నాళ్లూ పట్టీ సరిపోలేదా అమ్మా, గుర్రానికి వేసినట్టు ఇదంతా ఎందుకు?" అన్నారు. 2006లో అమెరికాలోని ఒక పశువైద్య పత్రికలో వచ్చిన పరిశోధన గురించి చెప్పాను. 26 కుక్కలతో చేసినది. మెడపట్టీతో లాగినప్పుడు వాటి కంటిలోపలి ఒత్తిడి పెరిగింది, హార్నెస్‌తో లాగినప్పుడు చెప్పుకోదగ్గంత పెరగలేదు. కంటి ఒత్తిడి అంటే ఏమిటో నాన్నకు ఎవరూ వివరించనక్కరలేదు. నీటికాసుల వల్ల ఆయన పదేళ్లుగా రోజూ రాత్రి కంట్లో చుక్కలు వేసుకుంటున్నారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మబ్బు తల తన ఒడిలోకి తీసుకుని రెండు కళ్లనూ చాలాసేపు చూశారు. ఆ తర్వాత మెడపట్టీకి తాడు తగిలించడం మా ఇంట్లో మానేశాం. దాని మీద పేరు బిళ్ల మాత్రం ఉంటుంది.

తొడగడం అలవాటు కావడానికి నాలుగు రోజులు పట్టింది. మెడ దగ్గర క్లిప్పు లేదు కాబట్టి తల దూర్చక తప్పదు, ఇది ఈ తయారీలో నాకు నచ్చనిది. మా అబ్బాయి పట్టీని వలయంలా పట్టుకుని, దాని అవతల చిన్న తిండిముక్క చూపించి, మబ్బు తనంతట తాను తల పెట్టేదాకా ఆగేవాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి అంత ఓపిక ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక లాగడం. వీపు మీది రింగుకు తాడు కడితే మబ్బు మునుపటికంటే ఎక్కువ లాగింది. మంచు మీద బండ్లు లాగే కుక్కలకు హార్నెస్ వేసేది బలమంతా పెట్టి లాగడానికే కదా! ఛాతీ ముందున్న రింగుకు మార్చాక తేడా కనిపించింది. కుక్క ముందుకు గుంజితే తాడు దాన్ని పక్కకు తిప్పుతుంది, ముఖం మన వైపు మళ్లుతుంది. దీనితోనే లాగే అలవాటు పోతుందని అనుకోవద్దు. లాగినప్పుడు మనం ఆగిపోవడం, తాడు వదులయ్యాక మళ్లీ నడవడం కొనసాగాలి. మూడో వారానికి నాన్న ఎడమచేత్తో తాడు పట్టుకుని పార్కు చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చారు. చెప్పులు విప్పుతూ "ఇవాళ నన్ను తనతో నడిపించింది, ఈడ్చుకెళ్లలేదు" అన్నారు. ఏ మాటా నాకు అంత తృప్తినిచ్చిన గుర్తు లేదు. ఈ రింగుతో ఒక చిన్న ఇబ్బంది, తాడు వదులైనప్పుడల్లా మబ్బు ముందుకాలికి చుట్టుకుంటుంది. వంగి విడదీయాలి. వంగలేని పెద్దవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. ఫిబ్రవరి మూడో వారం నుంచి మబ్బు బొచ్చు రాలడం మొదలైంది. బయట ఇంకా చలిగానే ఉంది. ఈ రాలడం ఎండ వేడిమి కంటే పగటి పొడుగును బట్టి నడుస్తుంది. మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే నాటికి లోపలి పొర కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తోంది. సాయంత్రాలు గుమ్మం ముందు కూర్చుని అమ్మ దువ్వేది, మబ్బు వెల్లకిలా పడుకుని కాళ్లు చాపేది. ఒకసారి దువ్వితే దిండులో కూరేంత బొచ్చు వచ్చేది. పిచుకలు గూడు కట్టుకుంటాయని అబ్బాయి దాన్ని పొదల మీద పరుద్దామన్నాడు. పిడుదుల మందు వేసిన కుక్క బొచ్చు గూట్లోకి వెళితే పక్షి పిల్లలకు హాని అని చెప్పి ఆపాను. వాడు ఆ పూటంతా చిన్నబుచ్చుకున్నాడు.

ఇదంతా చూస్తూ కూడా నాకు తట్టని సంగతి ఏమిటంటే, ఆ బొచ్చు పోతే కుక్క చుట్టుకొలత తగ్గుతుంది. ఫిబ్రవరి మొదట్లో ముందుకాళ్ల వెనక టేపుతో కొలిస్తే 71 సెంటీమీటర్లు. పట్టీ కింద రెండు వేళ్లు పట్టేలా బిగించాను, అది సరైన పద్ధతే. మార్చి రెండో వారానికి అదే పట్టీ కింద అరచేయి పడుతోంది, మేం చూసుకోలేదు.

ఆ శనివారం సాయంత్రం నా చిన్ననాటి స్నేహితురాలు ఇంటికి వచ్చింది. అందరం పార్కుకు వెళ్లాం. చెట్లకు ఎర్రటి చిగుళ్లు, కింద నిన్నటి వాన బురద. మళ్లీ చినుకులు మొదలవగానే పక్కన ఎవరో గొడుగు తెరిచారు. ఆ చప్పుడుకు మబ్బు బెదిరి వెనక్కి నడిచింది. ముందుకు లాగితే బిగిసే పట్టీ, వెనక్కి జారితే తల మీదుగా వచ్చేసింది. నా చేతిలో తాడు, తాడు చివర ఖాళీ హార్నెస్. మబ్బు పార్కు దాటి రోడ్డు వైపు పరుగెత్తింది.

నేను వెంటపడబోయాను. స్నేహితురాలు నా చేయి పట్టి ఆపింది. "తరమకు, ఆట అనుకుని ఇంకా దూరం పోతుంది" అని, కొత్త బట్టలతో ఆ బురదలోనే చతికిలపడి, మబ్బు వైపు చూడకుండా, నేల మీద ఏదో దొరికినట్టు గడ్డి కెలుకుతూ నెమ్మదిగా పిలవసాగింది. అబ్బాయి కూడా వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. రోడ్డు అంచున మబ్బు ఆగింది. వెనక్కి చూసింది. ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉందో చెప్పలేను. చివరికి ఆ గడ్డిలో ఏముందో చూడటానికి అది నడిచి వచ్చింది, అబ్బాయి దాని మెడ చుట్టూ చేతులు వేశాడు. ఇంటికి వెళ్లేదాకా మాలో ఎవరూ మాట్లాడలేదు.

తప్పు ఎవరిది? సగం నాది, నెల రోజులు పట్టీ సరిచూడలేదు. మిగతా సగం ఆ సైజు పట్టికది. చుట్టుకొలత ఎలా తీయాలో బొమ్మతో సహా వివరించినవాళ్లు, బొచ్చు రాలే కాలంలో మళ్లీ కొలవమని ఒక్క వాక్యం రాసి ఉండాల్సింది. వెనక్కి జారి తప్పించుకునే కుక్కలకు నడుము దగ్గర మూడో పట్టీ ఉండే రకాలు కూడా దొరుకుతాయి. మీ కుక్క బెదురు స్వభావం గలదైతే అదే కొనండి. మేం మాత్రం హార్నెస్ రింగును మెడపట్టీకి కలిపే చిన్న లంకె తెచ్చాం. తల జారినా మెడపట్టీ పట్టి ఉంచుతుంది.

శుభ్రం చేయడం గురించి రెండు మాటలు. పొట్ట పక్క క్లిప్పుల్లో బురదా బొచ్చూ ఇరుక్కుంటాయి, పాత పళ్ల బ్రష్‌తో కడగాలి. క్లిప్పు పూర్తిగా పడిందో లేదో చప్పుడు వినాలి. తడిసిన మెత్త ఆరడానికి ఒక రాత్రి పడుతుంది, తడిగానే తొడిగితే చంక దగ్గర చర్మం ఒరుసుకుంటుంది. మొదటి వారంలో మబ్బుకు అక్కడ ఎర్రబడింది, పట్టీని రెండు వేళ్లు వెనక్కి జరిపాక తగ్గింది. తిరిగి వచ్చాక పట్టీలు ఆనిన చోటల్లా వేళ్లతో తడిమి చూడండి. చలి కాస్త తగ్గగానే గడ్డిలో పిడుదులు లేస్తాయి, పట్టీ కింద చర్మం వాటికి మంచి చోటు. నాన్న ఈ పని అద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చేస్తారు. తన కంటి చుక్కలు వేసుకునే ముందు మబ్బు వంతు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయం కొలత. అమ్మ కుట్టుమిషన్ దగ్గరి టేపు, నాన్న చేతుల మధ్య మబ్బు, గోడ క్యాలెండర్ మీద అబ్బాయి పెన్సిలు. 71 తర్వాత 68, ఆ తర్వాత 67. ఈ ఆదివారం 66న్నర. ఎడమ పట్టీ ఇంకొంచెం బిగించాలి.