దాదర్‌లో సొసైటీ ఫ్లాటా, నల్లగొండలో అపార్ట్‌మెంటా: ఏది మేలు?

మా చిన్నాయన కొడుక్కి ముంబైలో ఉద్యోగం. దాదర్‌లో ఒక పాత కోఆపరేటివ్ సొసైటీలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ అమ్మకానికి ఉంది, తీసుకుందామని వాడి ఆలోచన. చిన్నాయన మాత్రం "అందులో నాలుగో వంతు పెడితే మన నల్లగొండలో హైదరాబాద్ రోడ్డు మీద అంతకన్నా పెద్దదే వస్తది గదా" అంటున్నాడు. ఇద్దరి మాటా నిజమే. కానీ ధరలు మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తే ఈ లెక్క తేలదు. రెండు చోట్లా ఫ్లాటే కొంటున్నా, చేతికి వచ్చే హక్కు వేరు.

నల్లగొండలో కొంటే ఫ్లాటుతో పాటు కింద ఉన్న జాగలో విడదీయని వాటా కూడా మన పేరు మీద రిజిస్టర్ అవుతుంది. 500 గజాల్లో పదిహేను ఫ్లాట్లు కడితే ఒక్కో ఫ్లాటుకు ముప్పై మూడు గజాల చొప్పున రావాలి. దస్తావేజులో అంత రాశారో లేదో చూసేవాళ్లు తక్కువ. కొందరు బిల్డర్లు ఇరవై అయిదు రాసి మిగతాది తమ పేరుతో అట్టిపెట్టుకుంటారు, రేపు పైన ఇంకో అంతస్తు వేయొచ్చని. రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ కలిపి 7.5 శాతం. తర్వాత అమ్ముకోవాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు మెయింటెనెన్స్ బాకీ ఉంటే కట్టమంటారు, అంతే.

దాదర్‌లో అలా కాదు. బిల్డింగ్‌కి యజమాని సొసైటీ. మనం అందులో సభ్యులం. రిజిస్టరైన అగ్రిమెంటుతో పాటు చేతికి ఒక షేర్ సర్టిఫికెట్ వస్తుంది. కోట్లు పోసి కొన్న ఇంటికి అందులో ఉండేవి యాభై రూపాయల షేర్లు, ఐదో పదో! స్టాంప్ డ్యూటీ 6 శాతం, ఆడవాళ్ల పేరు మీద కొంటే ఒక శాతం తక్కువ. రిజిస్ట్రేషన్ ఫీజు 30,000 దాటదు. సభ్యత్వం మార్చడానికి సొసైటీ తీసుకునే ప్రీమియం 25,000 మించకూడదు. అంతకన్నా ఎక్కువ 'డొనేషన్' అని అడిగితే ఇవ్వాల్సిన పని లేదు. వారసులకు మారేటప్పుడు ఆ ప్రీమియం కూడా ఉండదు.

చిన్నాయనకు ఈ సొసైటీ పెత్తనం నచ్చలేదు. సొంత ఇంటికి ఇంకొకళ్ల సంతకం ఎందుకు అంటాడు. నాకైతే అదే దాని బలం అనిపిస్తుంది. మన దగ్గర లిఫ్ట్ పాడైతే ఇద్దరు కట్టరు, ముగ్గురు "మేము గ్రౌండ్ ఫ్లోర్" అంటారు, ఆరు నెలలు అందరూ మెట్లెక్కుతారు. అక్కడ ఎన్నికలు, ఆడిట్, సింకింగ్ ఫండ్ (పెద్ద రిపేర్ల కోసం దాచే డబ్బు) అన్నీ చట్టంలోనే ఉన్నాయి. బాకీ కట్టని వాడి మీద సహకార సంఘాల రిజిస్ట్రార్ దగ్గర రికవరీ సర్టిఫికెట్ తెచ్చుకుని వసూలు చేసుకోవచ్చు.

అసలు మెలిక జాగ దగ్గర ఉంది. 1963 నాటి మహారాష్ట్ర చట్టం ప్రకారం బిల్డర్ ఆ జాగను సొసైటీ పేరు మీద రాసివ్వాలి. చాలామంది రాసివ్వలేదు. అందుకే 2008లో చట్టాన్ని సవరించి, బిల్డర్ రాకపోయినా సొసైటీయే దరఖాస్తు చేసి జాగను తన పేరుకు మార్పించుకునే దారి పెట్టారు. దాన్ని డీమ్డ్ కన్వేయన్స్ అంటారు. కొన్ని సొసైటీల కింద ఉన్నది లీజు జాగే. దాదర్‌లో పాత బిల్డింగ్‌కి అంత ధర పలకడానికి ఏరియా ఒక్కటే కారణం కాదు, రేపు కూల్చి కడితే పెద్ద ఫ్లాట్ వస్తుందన్న ఆశ కూడా అందులో కలిసి ఉంటుంది. 2019 నుంచి రీడెవలప్‌మెంట్‌కి 51 శాతం సభ్యుల ఒప్పుదల చాలు. కానీ జాగ వేరేవాళ్ల పేరు మీద ఉంటే బేరం అక్కడే ఆగిపోతుంది. పని మొదలయ్యాక బిల్డర్ చేతులెత్తేస్తే, అప్పటిదాకా బయట ఉండడానికి అతను ఇచ్చే కిరాయి డబ్బులూ ఆగుతాయి, ఇల్లూ ఉండదు. ఆ టెన్షన్‌కి కూడా సిద్ధపడాలి.

కొలతల్లో మోసపోవద్దు. మన దగ్గర 1,100 అడుగులు అంటే మెట్లు, లిఫ్ట్, కారిడార్ అన్నీ కలిపిన లెక్క. ముంబైలో ఎక్కువగా కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపలి కొలత మాత్రమే చెబుతారు. గోడ నుంచి గోడకు టేపు పెట్టి కొలిస్తే తేడా కొంత తగ్గుతుంది, చిన్నాయన అనుకున్నంత ఉండదు.

నల్లగొండ ఫ్లాటు చూసేటప్పుడు నేనైతే బెడ్‌రూముల కన్నా ముందు నీళ్లు అడుగుతాను. కృష్ణా నీళ్ల కనెక్షన్ ఉందా, లేక అంతా బోరేనా? బోరు నీళ్లు, కృష్ణా నీళ్లు ఒకే సంపులో కలుపుతున్నారా? ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు దాని సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. బోరు నీళ్లు ఒకసారి టెస్ట్ చేయించుకుంటే పోతుంది.

కిరాయికి ఇద్దామంటే దాదర్‌లో సర్వీస్ ఛార్జీల మీద 10 శాతం దాకా అదనంగా సొసైటీకి కట్టాలి, సొంతవాళ్లు ఉంటే అక్కర్లేదు. ఇక్కడ ఆ బాధ లేదు. మెడికల్ కాలేజీ వచ్చాక కిరాయికి అడిగేవాళ్లూ పెరిగారు. కానీ అమ్మేటప్పుడు కష్టం: పక్క వీధిలో కొత్త అపార్ట్‌మెంట్ లేస్తుంటే పాతదాన్ని ఎవరు అడుగుతారు? నల్లగొండలో ఫ్లాటు ఉండడానికి బాగుంటుంది, పైసలు పెరగాలంటే కాదు. అందుకోసమైతే ఖాళీ ప్లాటే నయం, అదీ ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) తేలినదైతే.

వాడు ఇంకో పదేళ్లు ముంబైలోనే ఉండేటట్టైతే నా ఓటు దాదర్‌కే, జాగ ప్రాపర్టీ కార్డు (జాగ ఎవరిదో చెప్పే సర్కారు రికార్డు) మీద సొసైటీ పేరు ఉంటే. లేకపోతే కిరాయికి ఉండడమే మేలు, రీడెవలప్‌మెంట్ ఆశకు ముందే ధర కట్టొద్దు. చిన్నమ్మ మోకాళ్ల నొప్పులకు మెట్లు లేని ఇల్లు కావాలంటే నల్లగొండ ఫ్లాటు తీసుకోవచ్చు. అప్పు చేసి రెండూ మాత్రం వద్దు. ప్రాపర్టీ కార్డు నకలు, సొసైటీ పోయిన మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు తెప్పించమని వాడికి చెప్పాను. అవి చూసేదాకా టోకెన్ కూడా ఇవ్వొద్దన్నాను.