పేనుకొరుకుడుకు ఉల్లిరసం: 14 నెలల తర్వాత నా మాట

కుడి చెవికి కాస్త పైన, రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడి నున్నబడిన చోట ఐదు నెలలపాటు పచ్చి ఉల్లిరసం రాసుకున్నాను. జుట్టు తిరిగి వచ్చింది. అది వచ్చిన కొత్తలో ఈ సమీక్ష రాసి ఉంటే ఉల్లిపాయకు స్తోత్రపాఠంలా ఉండేది. ఆ తర్వాత నా మెడ వెనక బయటపడిన ఒక సంగతి ఆ ఉత్సాహాన్ని సగానికి సగం తగ్గించింది గనుక, ఆలస్యమైనా కథంతా చెబుతాను.

పేనుకొరుకుడులో పేను ప్రమేయమేమీ లేదనీ, ఒంట్లోని రక్షణ వ్యవస్థే వెంట్రుకల కుదుళ్లను శత్రువులనుకుని దాడి చేస్తుందనీ ఈ జబ్బున్నవారికి నేను చెప్పనక్కరలేదు. చెప్పవలసింది గురివింద గింజ గురించి. మచ్చ కనిపించిన రెండో వారంలోనే మా పిన్ని, "గురివింద గింజ అరగదీసి పూస్తే పది రోజుల్లో మొలుస్తుంది నాయనా" అంటూ సానరాయి తీసింది. నాలుగు రాత్రులు పూసుకున్నాను. ఐదో రోజు తెల్లవారేసరికి అక్కడ బొబ్బలెక్కి నీరు కారసాగింది, ఆ పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. ఆ గింజలో ఉండే అబ్రిన్ అనేది ప్రాణం తీయగల విషమని, చిట్లిన చర్మం మీద దాన్ని పూయడం ఎంత పొరపాటో ఆ తర్వాత తెలిసింది. పసిపిల్లలున్న ఇంట్లో ఎర్రగా పూసల్లా మెరిసే ఆ గింజలను ఉంచుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. పిన్ని మీద నాకు కోపం లేదు. గింజ మీద మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆ పుండుతోనే చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆమె నా గోళ్లు చూసి, థైరాయిడ్ పరీక్ష రాసి, మచ్చలో స్టిరాయిడ్ సూదులు వేయవచ్చునని, ఇలాంటి చిన్న మచ్చలు చాలామందిలో ఏడాది లోపల వాటంతటవే పూడుకుంటాయి గనుక వేచి చూడవచ్చునని కూడా చెప్పారు. రెండో మాట నేను సరిగా వినలేదు. నెత్తిన సూది అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. పుండు పూర్తిగా మానిన తర్వాత ఉల్లిరసం మొదలుపెట్టాను.

మాది కర్నూలు కాబట్టి సరుకుకు కొరత లేదు. ఉల్లిపాయ తురిమి, పలుచని గుడ్డలో పిండి, దూదితో రోజుకు రెండు పూటలా అద్దేవాడిని. పిప్పి మాత్రం పులుసులోకి పోయేది. ముందురోజు రసం ఫ్రిజ్‌లో దాచుకుంటే పాలకు, పెరుగుకు కూడా ఆ వాసన పట్టుకుంది గనుక ఎప్పటికప్పుడు తీసుకోవడమే మేలు. మంట కొద్దిసేపే ఉంటుంది, అసలు శిక్షంతా వాసనే. రెండుసార్లు తలంటుకున్నా, ఏప్రిల్ ఎండలో చెమట పట్టగానే అది మళ్లీ లేచేది. బస్సులో నా పక్కన కూర్చున్నవారు కిటికీ తెరవడం నాకు అలవాటైపోయింది.

ఏడో వారంలో అద్దం ముందు వేలితో తడిమినప్పుడు నూగు తగిలింది. తెల్లని, పసిపిల్లల తలమీది వెంట్రుకల వంటి నూగు. కొత్తగా మొలిచే జుట్టు మొదట తెల్లగా రావడం ఈ జబ్బులో మామూలేనని తెలిసినా, ఆ రోజు నేను పొందిన ఆనందాన్ని దాచుకోలేకపోయాను. కనిపించినవారికల్లా ఉల్లిరసం చెప్పాను, ఆఫీసులో ఒకరికి గుడ్డలో పిండే పద్ధతి కూడా చూపించాను.

ఐదో నెలలో క్షవరానికి వెళ్లినప్పుడు, ఎప్పుడూ నాకు జుట్టు కత్తిరించే ఆయన, "వెనక కూడా బాగానే వస్తున్నాయండి, తెల్లగా" అన్నాడు. వెనక ఏమిటని అడిగాను. మెడ పైన, జుట్టు మొదలయ్యే చోట, చెవి దగ్గరిదానికంటే కొంచెం పెద్ద మచ్చే ఉండేదట. "మీరు దానికీ మందు రాస్తున్నారనుకున్నాను" అన్నాడు. ఇంటికి వచ్చి, బంధువుల గృహప్రవేశంలో తీసిన ఫోటోలు వెతికితే, పీటల మీద కూర్చున్నవారి వెనక వంగి నిలబడిన నా మెడ మీద ఆ మచ్చ స్పష్టంగా ఉంది. ఆ మచ్చకు నేను ఒక్క చుక్క ఉల్లిరసం కూడా రాయలేదు. అయినా అక్కడా జుట్టు మొలిచింది, ఇంచుమించు అదే సమయంలో, అదే తెల్లని రంగులో.

నేను నమ్మకం పెట్టుకున్న అధ్యయనాన్ని ఆ రాత్రి మళ్లీ చదివాను. 2002లో బాగ్దాద్ వైద్యులు ప్రచురించినది అది. ఉల్లిరసం రాసుకున్న 23 మందిలో ఆరు వారాలకు 20 మందికి జుట్టు మొలిచింది, మామూలు నీళ్లు రాసుకున్న 15 మందిలో ఇద్దరికే మొలిచింది. ఈ తేడా చిన్నది కాదు, అందువల్ల ఉల్లిని పూర్తిగా కొట్టిపారేయలేను. అయితే మనుషులు తక్కువ, పైగా తన తలకు రాసింది ఉల్లో నీళ్లో తెలియని రోగి ఉంటాడా? చర్మానికి కావాలని ఎలర్జీ కలిగించి రక్షణ కణాలను దారి మళ్లించే చికిత్స వైద్యంలోనూ ఉంది, డైఫెన్సైప్రోన్ అనే మందును అందుకే వాడతారు. ఉల్లి ఘాటు అదే పని చేస్తుందేమోనన్న ఊహ నాకు సబబుగానే తోస్తుంది. కానీ నా మెడకు ఏ ఘాటూ తగలలేదు.

కాబట్టి నా సిఫారసు చాలా ఇరుకైనది. నాకు 34 ఏళ్లు, తలమీద మచ్చలు రెండే, గోళ్లు బాగున్నాయి, థైరాయిడ్ సరిగా ఉంది, మా వంశంలో ఈ జబ్బు ఎవరికీ లేదు. ఇటువంటి పరిస్థితిలో ఉన్నవారు ఉల్లిరసం రాసుకుంటే పోయేది కొంత పరువు, కొన్ని దిండు గలీబులు. కనుబొమలు రాలిపోతున్నవారు, మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నవారు మాత్రం తురుము పీట ముందు నెలలు గడపవద్దు. తీవ్రమైన దశకు 2022 నుంచి అమెరికాలో బారిసిటినిబ్ వంటి మాత్రలకు అనుమతి ఉంది. వాటి ఖర్చు, దుష్ఫలితాల సంగతి వైద్యులతోనే మాట్లాడుకోవాలి.

గత నెలలో గడ్డం మీద, ఎడమ దవడ దగ్గర, మరో మచ్చ వచ్చింది. ఈసారి ఇయర్ బడ్‌తో పైసగానికి మాత్రమే ఉల్లిరసం రాసి, కిందిసగాన్ని వదిలేస్తున్నాను. నాలుగో వారం నడుస్తోంది, రెండు సగాలూ నున్నగానే ఉన్నాయి.