తోటలోనే బాగుచేయించాలా, ఊళ్లోకి లాగించాలా?

గుణుపురం దగ్గర మా జీడిమామిడి తోటలో పాత డీజిల్ జీపు మొరాయించినప్పుడల్లా ఇంట్లో ఇదే పంచాయితీ: మెకానిక్‌ను రప్పించాలా, ట్రాక్టరుకు కట్టి ఊళ్లోకి లాగించాలా?

నా మొగ్గు మొదటిదానికే. పాత ఇంజిన్ల జబ్బులు చాలావరకు ఇంధనం వచ్చే దారిలోనే ఉంటాయి. ట్యాంకు అడుగంటితే పైపుల్లో గాలి చేరుతుంది. వానాకాలంలో ఫిల్టరులో నీరు దిగుతుంది. ఫిల్టరు అడుగున మర వదులు చేస్తే ముందు నీళ్లు, వెనకే డీజిల్. అది బిగించి, తర్వాత ఫిల్టరు పైనున్న మర కాస్త తిప్పి, డీజిల్ తోడే చిన్న చేతిపంపు నొక్కుతుంటే బుసబుసా నురగ వస్తుంది. నురగ పోయి ధార వచ్చాక బిగించాలి. ఒక స్పానరు, ఒక పాతగుడ్డ, కాస్త ఓపిక ఉంటే మెకానిక్ కూడా అక్కర్లేదు. కామన్ రైల్ ఇంజిన్ (సిలిండర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి అధిక పీడనంతో డీజిల్ అందే కొత్తరకం) పైపుల జోలికి మాత్రం వెళ్లకండి. అందులో పీడనం 1000 బార్లు, అంటే మన చుట్టూ ఉండే గాలి పీడనానికి దాదాపు వెయ్యి రెట్లు, దాటుతుంది.

క్లచ్చో గేరుపెట్టో పోతే లాగించక తప్పదు. ఇంజిన్ ఆగితే బ్రేకుకు బూస్టరు (కాలి నొక్కుడుకు బలం చేర్చే భాగం) సాయం అందదు, పెడల్ రాయిలా ఉంటుంది. పల్లంలో తాడుకన్నా ఇనుప కడ్డీ మేలు. తాళంచెవి తీయకూడదు, స్టీరింగ్ బిగుసుకుంటుంది. నిరుడు మా బావమరిది అలవాటుకొద్దీ తీసి జేబులో వేసుకున్నాడు. ట్రాక్టరు మలుపు తిరిగింది, జీపు వరిమడిలోకి దిగింది.