తిట్టేవాళ్లు లేని హోవర్డ్ స్టెర్న్: ఏళ్లుగా వింటున్న శ్రోత రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఇది ఇంటిల్లిపాదీ కూర్చుని వినే షో కాదు. పిల్లలు కారెక్కితే ఛానెల్ మార్చాల్సిందే. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి వెనక సీట్లో కూర్చునే నెలల్లో అయితే ఆ నంబరు జోలికే పోను. అయినా కొత్త కారుతో ఫ్రీగా వచ్చిన శాటిలైట్ రేడియో ట్రయల్ అయిపోయాక కూడా డబ్బు కట్టి మరీ కొనసాగిస్తున్నానంటే కారణం ఒక్కడే, సిరియస్ ఎక్స్‌ఎమ్ ఛానెల్ 100లో మాట్లాడే అమెరికన్ రేడియో హోస్ట్ హోవర్డ్ స్టెర్న్. న్యూజెర్సీ ట్రాఫిక్‌లో పొద్దున్నే ఏళ్ల తరబడి విన్నాను, దొరికిన పాత రికార్డింగులన్నీ తవ్వుకుని విన్నాను. కాబట్టి మెచ్చుకోవడానికైనా తిట్టడానికైనా నాకు కాస్త హక్కుందనే అనుకుంటున్నాను.

ఇతన్ని అర్థం చేసుకోవాలంటే షోలో ఇప్పటికీ అప్పుడప్పుడు వేసే ఒక పాత టేపు వినాలి. 1954లో న్యూయార్క్‌లో పుట్టాడు, వాళ్ల నాన్న బెన్ రేడియో ఇంజినీరు, సొంత రికార్డింగ్ స్టూడియోలో భాగస్వామి. పిల్లల్ని మైకు ముందు కూర్చోబెట్టి లోకజ్ఞానం ప్రశ్నలు అడుగుతుంటే చిన్న హోవర్డ్ వెకిలి జవాబు చెబుతాడు, వెంటనే తండ్రి గయ్యిమని లేస్తాడు. మొదటిసారి విన్నప్పుడు పగలబడి నవ్వాను. తర్వాత్తర్వాత ఈ మనిషి కెరీరంతా ఆ టేపులోనే ఉందనిపించింది: మైకు ముందు అల్లరి చేయడం, పెద్దవాళ్లకు కోపం తెప్పించడం, ఆ కోపాన్ని కూడా రికార్డు చేసి జనానికి వినిపించడం.

1976లో బోస్టన్ యూనివర్సిటీ నుంచి బయటికొచ్చాక చిన్నా చితకా స్టేషన్లు తిరిగాడు. హార్ట్‌ఫర్డ్‌లో సౌండ్ ఎఫెక్టులు వేసే ఫ్రెడ్ నోరిస్ దొరికాడు, వాషింగ్టన్ డీసీలో సహ హోస్ట్ రాబిన్ క్వివర్స్ దొరికింది, ఇద్దరూ ఇన్ని దశాబ్దాలూ పక్కనే ఉన్నారు. డీసీలోనే 1982 జనవరిలో ఎయిర్ ఫ్లోరిడా విమానం 14వ వీధి వంతెనకు తగిలి పొటోమాక్ నదిలో కూలి 78 మంది పోతే, ఇతను ఆ వంతెన దాకా వన్‌వే టికెట్ ఎంత అని రేడియోలోనే అడిగాడు. మళ్లీ చదవండి, నిజంగానే అడిగాడు. అదే ఏడాది న్యూయార్క్ ఎన్‌బీసీ స్టేషన్ ఇతన్ని తెచ్చుకుంది, నోరు కట్టేయాలని చూసింది, వల్లకాక 1985లో పీకేసింది. కొన్ని వారాల్లోనే అదే ఊళ్లో కే-రాక్ అనే స్టేషన్‌లో తేలాడు, అక్కడే 2005 చివరి దాకా పాతుకుపోయాడు.

ఇక రేడియో, టీవీల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీతో గొడవ. అమెరికాలో మామూలు రేడియో గాలి తరంగాలు ప్రజల సొత్తు, అందుకని పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా అశ్లీలంగా మాట్లాడకూడదని రూలు. స్టెర్న్ షో వచ్చేది సరిగ్గా పొద్దున్నే. జరిమానా పడేది మాత్రం మాట్లాడినవాడికి కాదు, స్టేషన్ ఓనరుకి! ఇతని షో వేసే స్టేషన్ల ఓనరు ఇన్ఫినిటీ అనే కంపెనీ 1995లో పాత కేసులన్నీ కలిపి 17 లక్షల డాలర్లు కట్టి వదిలించుకుంది. ఓనరు డబ్బు కడుతుంటే ఇతనికి పేరు పెరుగుతూ పోయింది, ఎందుకంటే ఇవాళ ఎక్కడ గీత దాటతాడో అని వినడమే సగం మజా. 2004లో క్లియర్ ఛానెల్ అనే రేడియో కంపెనీ తన ఆరు స్టేషన్లలో షో ఎత్తేసింది. ఆ ఏడాది అక్టోబరులోనే సిరియస్‌తో (ఇప్పటి సిరియస్ ఎక్స్‌ఎమ్) ఐదేళ్లకు 50 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించాడు (సిబ్బంది జీతాలు, షో ఖర్చులు అందులోనే లెండి). డబ్బు కట్టి వినే శాటిలైట్ రేడియోకి ఆ రూలు వర్తించదు. 2006 జనవరి 9న కొత్త చోట మైకు పట్టుకున్నాడు, ఇక ఎంత బూతు మాట్లాడినా అడిగేవాడు లేడు.

నా అసలు మాట ఇక్కడుంది. అడిగేవాడు లేకపోయేసరికి ఆ బూతు చప్పబడిపోయింది. 2006, 2007 నాటి ఎపిసోడ్లు కొన్ని విని చూడండి, స్వేచ్ఛ దొరికిందని పచ్చిగా వాగడమే తప్ప, కే-రాక్ రోజుల్లో మాటను చివరి క్షణంలో మెలితిప్పి తప్పించుకునే ఆ చురుకు కనిపించదు. బడి సెలవుల్లో గోడ దూకినట్టు ఉంటుంది.

షో నిలబడింది వేరే కారణంతో, ఇంటర్వ్యూలతో. నాకు తెలిసి ఇంగ్లిష్ రేడియోలో ఇంత బాగా అడిగేవాళ్లు తక్కువ. సినిమా ప్రమోషన్‌కని వచ్చిన నటుణ్ని కూర్చోబెట్టి సినిమా సంగతి పక్కన పెట్టేస్తాడు. మీ నాన్న మిమ్మల్ని ఎప్పుడైనా మెచ్చుకున్నాడా, మొదటి చెక్కు ఎంత, ఆ పాత్ర చేజారినప్పుడు ఆ రాత్రి ఏం చేశారు, ఇలా మొదలవుతుంది. గంట, ఒక్కోసారి గంటన్నర. అతిథి తడబడితే తను ముందు తన పిరికితనం, తన అసూయ బయటపెడతాడు, దాంతో ఎదుటివాడు కరిగిపోతాడు. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో ఫ్రెడ్ నోరు మెదపకుండా ఒక సౌండ్ ఎఫెక్ట్ నొక్కుతాడు, రాబిన్ నవ్వు వినిపిస్తుంది, బరువు దిగిపోతుంది. ఆ టైమింగ్ కోసమే ఆఫీసు పార్కింగ్‌లో ఇంజిన్ ఆపకుండా కూర్చున్న రోజులున్నాయి.

సైకోథెరపీ తనను మార్చిందని ఇతనే చాలాసార్లు చెప్పాడు, వింటే తెలుస్తుంది కూడా. పాత రోజుల్లో నటుడు రాబిన్ విలియమ్స్‌ను పెళ్లి సంగతులతో గుచ్చిగుచ్చి వేధించాడు. ఏళ్ల తర్వాత క్షమాపణ చెబుదామని ఫోన్ నంబరు వెతుకుతుండగానే 2014లో ఆయన పోయాడు.

కానీ అన్నీ ఇలా చక్కగా సర్దుకుపోలేదు. 1995లో గాయని సెలీనా హత్యకు గురైన కొద్ది రోజులకే ఆమె పాటల మీద తుపాకీ చప్పుళ్లు వేసి ఎగతాళి చేశాడు. టెక్సస్‌లో అరెస్టు వారంట్ దాకా వెళ్లింది. స్పానిష్‌లో చదివిన క్షమాపణ ఎవరినీ చల్లార్చలేదు, నన్నూ చల్లార్చలేదు. 1993 నాటి టీవీ కార్యక్రమంలో ముఖానికి నల్లరంగు పూసుకున్న వీడియో 2020లో మళ్లీ బయటపడింది. ఇతన్ని భావప్రకటనా స్వేచ్ఛ వీరుడంటూ ఆకాశానికెత్తే అభిమానులు ఈ రెంటి దగ్గరికొచ్చేసరికి టాపిక్ మార్చేస్తారు.

స్టాఫ్ మధ్య గొడవలు మాత్రం ఉచిత వినోదం. ప్రొడ్యూసర్ గ్యారీ డెలాబాటే 1990లో ఒక కార్టూన్ పాత్ర పేరు తప్పు పలికి 'బాబా బూయీ' అన్నాడు, ఇప్పటికీ అదే అతని పేరు. 1994లో హత్య కేసులో ఇరుక్కున్న మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఓజే సింప్సన్ కారు ఛేజింగ్ లైవ్‌లో వస్తుంటే ఒక ఆకతాయి ఏబీసీ న్యూస్‌కి ప్రత్యక్ష సాక్షిలా ఫోన్ చేసి, యాంకర్ పీటర్ జెన్నింగ్స్‌తో మాట్లాడి, చివర్లో ఇదే పేరు అరిచాడు.

ఇప్పటి షో? మెత్తబడింది. 2012 నుంచి నాలుగేళ్లు టీవీలో టాలెంట్ షో జడ్జిగా కూర్చున్నప్పుడే పాత అభిమానులు సణగడం మొదలుపెట్టారు. ఒకప్పుడు ఏకిపారేసిన హాలీవుడ్ జనమే ఇప్పుడు ఇతని డిన్నర్ దోస్తులు. 2024లో బైడెన్‌తో, కమలా హారిస్‌తో మాట్లాడినప్పుడు ఆ గుచ్చే ప్రశ్నలు ఎటు పోయాయో అర్థం కాలేదు, అభిమాని ఆటోగ్రాఫ్ తీసుకుంటున్నట్టే అనిపించింది. కొత్త ఎపిసోడ్లు వారంలో కొన్ని రోజులే, పైగా వేసవిలో పొడవాటి సెలవులు. కట్టే డబ్బుకి అది తక్కువే.

కొత్తగా వినేవాళ్లు లైవ్‌తో మొదలుపెట్టకండి, యాప్‌లో సంగీతకారుల ఇంటర్వ్యూలు ఒక నాలుగు వినండి, స్టూడియోలోనే గిటార్ తీసి పాడినవైతే ఇంకా మేలు. అవి నచ్చకపోతే మిగతాది అసలే నచ్చదు, డబ్బు మిగుల్చుకోండి. స్టార్లు ఇమ్మంటే ఇంటర్వ్యూలకు ఐదు, స్టాఫ్ గొడవలకు నాలుగు, రాజకీయాలకు రెండు. నేనైతే ఈసారీ రెన్యూ చేశాను, ఇంట్లో మాత్రం అది పాటల ఛానెళ్ల కోసమనే చెప్పాను.