9000 ల్యూమెన్లు అని రాసిన ప్రొజెక్టర్, విజువలైజర్ సెట్టు కొనే ముందు ఇది చదవండి

ట్యూషన్లు చెప్పేవాళ్లకీ, చిన్న ప్రైవేటు స్కూళ్లు నడిపేవాళ్లకీ ఈ హెచ్చరిక. "స్మార్ట్ క్లాస్‌రూమ్ కాంబో" అని ఆన్‌లైన్‌లో ఒక సెట్టు అమ్ముతున్నారు. అందులో ఒక ప్రొజెక్టర్ ఉంటుంది, పుస్తకం పేజీనో పువ్వునో పైనుంచి కెమెరాతో పట్టి తెర మీద చూపించే విజువలైజర్ ఒకటి ఉంటుంది. క్లాసంతా రికార్డు కూడా చేసుకోవచ్చని రాస్తారు. ఒంగోలులో మా ట్యూషన్‌కి దాన్ని రూ. 16,500 పెట్టి తెప్పించాం. ప్రకటనలో రాసినవాటిలో ఒక్కటీ నిజం కాలేదు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. అదే పెట్టె, అవే ఫొటోలు రకరకాల పేర్లతో కనిపిస్తున్నాయి. ఒక పేరు చెబితే మిగతావన్నీ మంచివేమో అనుకుని కొనేస్తారని నా భయం.

మా అవసరం చాలా మామూలుది. పదో తరగతి పిల్లలకి ఉమ్మెత్త పువ్వును నిలువునా కోసి కేసరాలు, అండాశయం పెద్దగా చూపించాలి. వాళ్లు చూస్తూ నోట్సులో బొమ్మ గీసుకోవాలి. రాని పిల్లలకి ఆ రికార్డింగు పంపాలి. బొమ్మ గీసుకోవాలంటే గదిలో లైట్లు వెలగాల్సిందే కదా. లైట్లు వేస్తే వెనక బెంచీలకి గోడ మీద బూడిద రంగు మరక తప్ప ఏమీ కనబడలేదు. లైట్లు తీసేస్తే పువ్వు కనిపించింది, పిల్లల నోట్సులు చీకట్లో పడ్డాయి.

అమ్మినవాళ్లని అడిగితే "లైట్లు ఆర్పి వాడుకోండి, అన్ని ప్రొజెక్టర్లూ అంతే" అన్నారు. అది అబద్ధం. ఎందుకు అబద్ధమో లెక్కతో సహా చెబుతాను. ఈ లెక్క వస్తే మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు.

ప్రొజెక్టర్ వెలుగును ల్యూమెన్లలో చెబుతారు. దాన్ని కొలవడానికి ఒక పద్ధతి ఉంది. పూర్తి తెల్ల బొమ్మ వేసి, దాన్ని అడ్డంగా మూడు, నిలువుగా మూడు మొత్తం తొమ్మిది గళ్లు అనుకోవాలి. ఒక్కో గడి మధ్యలో ఎన్ని లక్స్ (ఒక చదరపు మీటరు మీద పడే వెలుగు కొలత) పడుతోందో కొలిచి, సగటు తీసి, బొమ్మ వైశాల్యంతో గుణించాలి. అలా వచ్చినదాన్నే ఆన్సీ ల్యూమెన్లు అంటారు. పేరున్న కంపెనీలు ఇప్పుడు ఎక్కువగా ఐఎస్ఓ 21118 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కొలిచి అదే కాగితం మీద రాస్తాయి. ఏ ప్రమాణమూ చెప్పకుండా ఊరికే "ల్యూమెన్లు" అని రాస్తే దానికి అర్థం లేదు, ఎంతైనా రాసుకోవచ్చు.

మా దగ్గర ఫిజిక్స్ చెప్పే సారు లక్స్‌మీటర్ తెచ్చారు. గోడ మీద 100 అంగుళాల బొమ్మ వేశాం. అంటే వెడల్పు 2.21 మీటర్లు, ఎత్తు 1.25 మీటర్లు, వైశాల్యం దగ్గర దగ్గర 2.76 చదరపు మీటర్లు. చీకట్లో తొమ్మిది చోట్లా కొలిస్తే సగటు 95 లక్స్ వచ్చింది. గుణిస్తే 260 ల్యూమెన్లు. పెట్టె మీద 9000 అని ఉంది.

ఇప్పుడు లైట్లు వేసినప్పటి సంగతి చూడండి. ట్యూబ్‌లైట్ల వెలుగే మా గోడ మీద 120 లక్స్ పడుతోంది. నలుపును వేయడం ఏ ప్రొజెక్టర్‌కీ కుదరదు కదా, నల్ల గీత ఉండాల్సిన చోట ఆ 120 అలాగే ఉంటుంది. తెల్లగా ఉండాల్సిన చోట 120కి 95 కలిసి 215 అవుతుంది. నలుపుకీ తెలుపుకీ మధ్య తేడా రెండింతలు కూడా లేదు. ఇక పువ్వులో కేసరాలు ఏం కనబడతాయి? అదే 3000 ఆన్సీ ల్యూమెన్ల ప్రొజెక్టర్ అయితే అంతే బొమ్మ మీద సుమారు 1090 లక్స్ వేస్తుంది. తెలుపు 1200 దాటుతుంది, నలుపు 120 దగ్గరే ఉంటుంది. పదింతల తేడా. లైట్లు వెలుగుతుండగానే చదవొచ్చు, గీసుకోవచ్చు. ఆఫీసుల్లో మీటింగులకి వాడేవి ఇవే.

లక్స్‌మీటర్ లేకపోయినా వెనక అతికించిన చీటీ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. మాది 80 వాట్లు. తెల్ల ఎల్‌ఈడీ వాటుకు 100 నుంచి 150 ల్యూమెన్లు ఇస్తుంది. మొత్తం కరెంటు ఎల్‌ఈడీకే పోయిందనుకున్నా పుట్టే వెలుగు 8,000 నుంచి 12,000. ఇలాంటి చవక ప్రొజెక్టర్లలో ఒకే ఎల్‌సీడీ పలక ఉంటుంది. దాని పోలరైజర్ (వెలుగును ఒకే దిశలో వడగట్టే పొర) సగం వెలుగును ఆపేస్తుంది, రంగుల ఫిల్టర్లు మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు తినేస్తాయి. అక్కడికే ఆరో వంతు మిగిలింది. పిక్సెళ్ల మధ్య గీతలు, అద్దాలు, లెన్సు ఇంకా తగ్గిస్తాయి. 80 వాట్ల ఒంటి పలక ప్రొజెక్టర్ నుంచి గోడ మీదికి 9000 ల్యూమెన్లు రావడం జరగని పని.

తర్వాతి మోసం "ఫుల్ హెచ్‌డీ సపోర్ట్". ఈ సపోర్ట్ అనే మాట దగ్గర ఆగండి. 1920×1080 సిగ్నల్ పంపితే తీసుకుంటుంది, అంతే. లోపలి పలక 854×480 అయితే చూపించేది అందులో అయిదో వంతు పిక్సెళ్లు. మీరు అడగాల్సింది నేటివ్ రిజల్యూషన్, అంటే లోపలి పలకలో నిజంగా ఉన్న పిక్సెళ్లు, ఎంత అని. వచ్చాక పరీక్ష సులువు. పెయింట్‌లో 1920×1080 సైజుతో ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు చొప్పున గీతలు గీసిన బొమ్మ చేసుకోండి. ల్యాప్‌టాప్ స్కేలింగు 100 శాతం పెట్టి, ప్రొజెక్టర్‌లో కీస్టోన్ (వంకరగా పడిన బొమ్మను సరిచేసేది), జూమ్ లాంటివన్నీ సున్నాకి తెచ్చి పూర్తి తెర మీద వేయండి. పలక నిజంగా అంత ఉంటే గీతలు విడివిడిగా కనిపిస్తాయి. లేకపోతే బూడిద రంగులోకి కలిసిపోతాయి, అలల్లాంటి చారలు వస్తాయి. మాకు అలలే వచ్చాయి.

తెలుగు మీడియం వాళ్లు ఇక్కడ ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఇంగ్లిష్ అక్షరాలు పలక చిన్నదైనా ఎలాగో చదవొచ్చు. మన ఒత్తులు, గుడులు అలా కాదు. థ, ధ, ద ల మధ్య తేడా ఒక చుక్క, ఒక చిన్న గీత. మాకు "అండాశయం" ఫర్వాలేదు గానీ "కీలాగ్రం", "క్షయకరణ విభజన" లాంటివి అలుక్కుపోయాయి. అమ్మేవాళ్లు డెమో వీడియోలో ఎప్పుడూ కార్టూన్, సముద్రం, పూలతోట చూపిస్తారు. మీ పాఠం పేజీనే వేయమని అడగండి. ఇంకో సంగతి, ఒంటి పలక చవక ప్రొజెక్టర్లలో మధ్యలో ఫోకస్ చేస్తే నాలుగు మూలలూ మసకబారుతుంటాయి. డిజిటల్ కీస్టోన్ వాడితే ఉన్న పిక్సెళ్లలో కొన్ని ఖాళీగా పోతాయి. అందుకే స్టాండు నేరుగా తెర ఎదురుగా పెట్టడమే మంచిది.

ఇక విజువలైజర్. 13 మెగాపిక్సెల్ అన్నారు. దాని కింద పెన్ను కదిపితే తెర మీద పెన్ను తర్వాతెప్పుడో ముక్కలు ముక్కలుగా కదులుతోంది. కారణం ఇది. ఫుల్ హెచ్‌డీ బొమ్మను కుదించకుండా పంపితే ఒక్కో ఫ్రేముకి 4 మెగాబైట్ల పైన అవుతుంది. యూఎస్‌బీ 2.0 తీగలో సెకనుకి వాస్తవంగా వెళ్లేది 35, 40 మెగాబైట్లే. అంటే సెకనుకి పది ఫ్రేములు కూడా రావు, చాలా కెమెరాలు 5 దగ్గర ఆగిపోతాయి. మంచి విజువలైజర్ బొమ్మను ఎంజేపెగ్ పద్ధతిలో కుదించి 30 ఫ్రేములు పంపుతుంది. ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో కెమెరాని కలిపి, సెట్టింగుల్లో ఏ సైజుకి ఏ ఫార్మాట్, ఎన్ని ఫ్రేములు ఇస్తోందో చూడొచ్చు. మాదాంట్లో 30 ఫ్రేములు 640×480కి మాత్రమే ఉన్నాయి.

ఆ 13 మెగాపిక్సెళ్లు కూడా లేవు. పరీక్ష చెబుతాను. న్యూస్‌పేపర్లో చిన్న అక్షరాల ప్రకటన ఒకటి ఫొటో తీయండి. ఆ ఫొటోని 1920 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి, మళ్లీ మొదటి సైజుకి పెంచి, అసలు ఫొటో పక్కన పెట్టండి. నిజమైన 13 మెగాపిక్సెల్ అయితే తగ్గించి పెంచినదాంట్లో వివరాలు పోయి మసకగా ఉంటుంది. మాకు రెండిటికీ తేడాయే లేదు. అంటే లోపల 2 మెగాపిక్సెల్ దరిదాపు సెన్సర్ పెట్టి, బొమ్మని సాఫ్ట్‌వేరుతో సాగదీసి 13 అంటున్నారని మా అనుమానం.

రికార్డింగు సంగతి. వాళ్లిచ్చిన యాప్ విజువలైజర్ బొమ్మని మాత్రమే, గొంతు లేకుండా రికార్డు చేస్తుంది. ఫోన్‌తో గోడ మీది బొమ్మని తీద్దామంటే వీడియో నిండా కదిలే నల్ల చారలు వచ్చాయి. ప్రొజెక్టర్ వెలుగును తగ్గించేటప్పుడు ఎల్‌ఈడీని వేగంగా ఆర్పి వెలిగిస్తుంటుంది. మన కంటికి తెలియదు, కెమెరాకి దొరికిపోతుంది. చిన్న చిన్న అద్దాలున్న ఒకే చిప్పుతో బొమ్మ వేసే డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో మాత్రం రంగులు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, కాబట్టి వీడియోలో రంగు చారలు కనిపిస్తాయి. ఇలా చారలు వచ్చే ప్రొజెక్టర్ ఇప్పటికే కొన్నవాళ్లు ఒక పని చేయొచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, ప్రొజెక్టర్ ఒప్పుకుంటే ల్యాప్‌టాప్‌ డిస్‌ప్లే సెట్టింగుల్లో దాన్ని కూడా 50 హెర్ట్జ్‌కి మార్చండి. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 పెట్టండి. ట్యూబ్‌లైట్లూ ప్రొజెక్టరూ రెండూ కుదిరి చారలు చాలావరకు పోతాయి. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి ఉంచండి.

అసలు నన్నడిగితే గోడని వీడియో తీయకండి. విజువలైజర్, స్లైడ్లు, మైకు మూడూ ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్‌కి కలిపి అక్కడే రికార్డు చేయండి. ప్రొజెక్టర్ ఎలాంటిదైనా రికార్డింగు శుభ్రంగా వస్తుంది. మేమిప్పుడు అలాగే చేస్తున్నాం, విజువలైజర్ బదులు పాత ఫోన్‌ని స్టాండుకి బిగించి వాడుతున్నాం. ఆ విజువలైజర్ కన్నా ఇదే ఎంతో నయం.

దుమ్ము సంగతి కూడా చూసుకోండి. లోపలి భాగం మూసి ఉండని ప్రొజెక్టర్లలో ఫ్యాను గాలితో దుమ్ము పలక మీద చేరి బొమ్మలో మచ్చలు పడతాయి. మన ఎండాకాలంలో వేడికి పోలరైజర్ పసుపు రంగుకి తిరుగుతుంది. "50,000 గంటలు" అని రాసేది ఎల్‌ఈడీ గురించి, ఆ పలక గురించి కాదు. అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, R తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. మాదానికి లేవు. పిల్లలున్న గదిలో అలాంటి అడాప్టర్ పెట్టకండి.

డబ్బు వెనక్కి రాబట్టుకునే విషయం. "వస్తువు వెలుగుతోంది కాబట్టి లోపం లేదు, కావాలంటే మార్చి ఇస్తాం" అన్నారు. మారిస్తే మళ్లీ అదే రకం వస్తుంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ మాటలు రాసి, లక్స్ కొలతల ఫొటోలు పెట్టి మెయిలు చేశాకే వాళ్ల గొంతు మారింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేశాం. వాళ్లు ఫిర్యాదును కంపెనీకి పంపి సమాధానం అడుగుతారు, తీర్పు ఇవ్వరు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. అమ్మినవాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు.

ఒక చిక్కుంది. వ్యాపారం కోసం కొన్న వస్తువైతే మీరు వినియోగదారు కారని అమ్మినవాళ్లు వాదిస్తారు. బతుకుదెరువు కోసం సొంతంగా పని చేసుకునేవాళ్లకి చట్టంలో మినహాయింపు ఉంది. ఇంట్లో ట్యూషన్ చెప్పుకునేవాళ్లు ఆ మాట ఫిర్యాదులో మొదటే రాయండి. పెద్ద స్కూలు పేరు మీద బిల్లు తీసుకుంటే కష్టం.

ప్రకటన పేజీని డబ్బు కట్టకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మాకు అమ్మిన పేజీలో "9000" తర్వాత మాయమైపోయింది, మా దగ్గర ఫొటో ఉంది కాబట్టి మాట్లాడగలుగుతున్నాం. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. పైన చెప్పిన పరీక్షలన్నీ రిటర్న్ గడువులోపే, మీ గదిలో, లైట్లు వేసి చేయండి. ఆ గడువు సాధారణంగా వారం, పది రోజులకి మించదు.

మా ఫిర్యాదు ఇంకా తేలలేదు. సగం డబ్బు ఇస్తామంటున్నారు, మేం ఒప్పుకోలేదు. ఈలోగా ఒక స్కూల్లో వాడిన, మూడు పలకలుండే పాత త్రీ-ఎల్‌సీడీ ప్రొజెక్టర్ చూస్తున్నాం. అలాంటివి కొనేటప్పుడు మెనూలో ల్యాంపు ఎన్ని గంటలు వెలిగిందో చూసి, కొత్త ల్యాంపు ధర కనుక్కుని బేరం ఆడండి. ఇందులో మూడు రంగులూ ఒకేసారి పడతాయి కాబట్టి వీడియోలో రంగు చారల బాధ కూడా ఉండదు.

ఎక్కడ కొన్నా ముందు అమ్మేవాళ్లకి రాతపూర్వకంగా ఈ ప్రశ్న పంపండి: "ఆన్సీ లేదా ఐఎస్ఓ 21118 ప్రకారం ల్యూమెన్లు ఎన్ని? నేటివ్ రిజల్యూషన్ ఎంత? విజువలైజర్ ఫుల్ హెచ్‌డీలో సెకనుకి ఎన్ని ఫ్రేములు ఇస్తుంది, సెన్సర్ అసలు మెగాపిక్సెళ్లు ఎన్ని? ఇవి తేడా వస్తే పూర్తి డబ్బు వెనక్కి ఇస్తారా?" సమాధానంలో అంకెలు లేకుండా "బెస్ట్ క్వాలిటీ సార్" అని వస్తే అక్కడితో వదిలేయండి.