యాప్ 192 అంటోంది, దీపం 48 అంటోంది: ఓ డాక్ డాంగుల్‌ని చాన్నాళ్లు వాడాక

ఫోన్ యూఎస్‌బీకి తగిలించి, దానికి హెడ్‌ఫోన్ పెట్టుకునే బుల్లి పరికరం ఇది. డిజిటల్ పాటని హెడ్‌ఫోన్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మారుస్తుంది, దాన్నే డాక్ (DAC) అంటారు. ఈ డాంగుల్‌ని నేను కొన్నది దాని మీదున్న చిన్న దీపం కోసం. లోపల ఏ చిప్ వేశారు, ఎంత పెద్ద హెడ్‌ఫోన్‌ని లాగుతుంది లాంటివి ఇప్పటికే బోలెడు మంది రాశారు. దీపం గురించి మాత్రం రెండు వాక్యాలకు మించి ఎవరూ రాసినట్టు లేదు. ఫోన్ నుంచి పాట ఏ శాంపిల్ రేట్‌లో (అంటే ధ్వనిని సెకనుకి ఎన్నిసార్లు కొలిచి రాశారన్న లెక్కలో) వస్తోందో దాన్నిబట్టి దీని రంగు మారుతుంది. నా దాంట్లో 44.1 కిలోహెర్ట్జ్‌కి ఆకుపచ్చ, 48కి నీలం, 96కి పసుపు, 192కి తెలుపు. కంపెనీకో రంగుల లెక్క ఉంటుంది కాబట్టి మీ దాంట్లో వేరేగా ఉండొచ్చు. పెద్ద పాట ఫైళ్లని కుదించి పంపే ఎంక్యూఏ అనే పద్ధతికి ఊదా రంగు కూడా ఇచ్చారు. 2023లో దాన్ని తెచ్చిన సంస్థ ఆర్థికంగా చతికిలపడింది, 2024 జులైలో టైడల్ అనే పాటల సర్వీసు కూడా దాన్ని వదిలేసి, ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్లకి మారిపోయింది. ఆ ఊదా రంగు నేనింతవరకు చూడలేదు, ఇక చూస్తానన్న ఆశ కూడా లేదు.

నా కోపమంతా పాటల యాప్ మీద. పేరెందుకు లెండి. పై ప్లాన్‌కి డబ్బు కట్టించుకుని, పాట కింద బంగారు రంగులో 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని బ్యాడ్జి చూపించేది. డాంగుల్ వైపు చూస్తే నీలం. ఇంకో పాట పెట్టినా నీలం. పోనీ మామూలు సీడీ నాణ్యత, అంటే 44.1 పాట పెడదాం, దానికి ఆకుపచ్చ రావాలి కదా అనుకుంటే, దానికీ నీలమే. అంటే ఏం పెట్టినా ఎవరో మధ్యలో కూర్చుని అన్నిటినీ 48కి మార్చి పంపుతున్నారన్నమాట.

కస్టమర్ కేర్ చాట్‌లో అడిగితే యాప్ తీసేసి మళ్లీ వేయమన్నారు. వేశాను. కేబుల్ మార్చమన్నారు. మార్చాను. మీ పరికరం హైరెస్‌కి (సీడీని మించిన నాణ్యతకి ఆ పేరు) పనికిరాదేమో చూసుకోండి అన్నారు. డాంగుల్ పెట్టె మీద 384 దాకా అని అచ్చేసిన చోట ఫోటో తీసి పంపాను. మీ సమస్యను సాంకేతిక బృందానికి తెలియజేశాం అని మెయిల్ వచ్చింది. ఆ బృందం ఇంకా ఆలోచిస్తున్నట్టే ఉంది.

విషయం తేల్చింది మా మేనల్లుడు. విశాఖలోనే మధురవాడ వైపు హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఆదివారాలు లాసన్స్ బే కాలనీలో మా ఇంటికి భోజనానికి వస్తాడు. నేను పాట వింటూ దీపం వైపు గుర్రుగా చూస్తుంటే ఇయర్‌ఫోన్ ఒకటి లాక్కుని చెవిలో పెట్టుకున్నాడు. అదే సమయానికి వాట్సాప్‌లో ఏదో మెసేజ్ వచ్చింది.

"మావయ్యా, పాట మధ్యలో టింగ్ మంది, విన్నావా?"

"వింటే?"

"పాట నేరుగా డాంగుల్‌కి వెళ్తుంటే ఆ టింగ్ దాంట్లో ఎలా కలుస్తుంది? రెండింటినీ ఎవరో కలిపారంటే పాటని కూడా ముట్టుకున్నట్టే కదా."

ఇంత తేలిక పరీక్ష ఏ సమీక్షలోనూ నాకు కనబడలేదు. ఆండ్రాయిడ్‌లో పాట, మెసేజ్ చప్పుడు, గేమ్ మోత అన్నీ కలిపి ఒకే ధారగా పంపే మిక్సర్ ఒకటి ఉంటుంది. చాలా ఫోన్లలో అది 48 కిలోహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. పాట 192లో వచ్చినా, 44.1లో వచ్చినా అక్కడికొచ్చేసరికి 48 అయిపోతుంది. యాప్‌ బ్యాడ్జి చెప్పేది సర్వర్ నుంచి దిగిన ఫైల్ గురించే. ఆ తర్వాత ఫోన్‌లో ఏం జరిగిందన్నది దానికి పట్టదు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో ఈ మిక్సర్‌ని దాటేసి యూఎస్‌బీకి బిట్‌కి బిట్, ఉన్నదున్నట్టు పంపే దారి పెట్టారు, కానీ ఫోన్ కంపెనీ, యాప్ తయారుచేసినవాళ్లు ఇద్దరూ ఆ దారి తెరవాలి. నా ఫోన్‌లో తెరవలేదు. చివరికి యూఎస్‌బీని సొంతంగా చేతిలోకి తీసుకునే ప్లేయర్ యాప్ ఒకటి డబ్బు పెట్టి కొని, దాంట్లో నా దగ్గరున్న ఫైల్స్ పెడితే దీపం తెల్లగా వెలిగింది. ఆ తెలుపు చూసి నేను పడ్డ సంబరానికి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. చెబితే మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

కంప్యూటర్లోనూ ఇదే తంతు. విండోస్‌లో సౌండ్ సెట్టింగుల్లో ఏ రేట్ పెట్టి ఉంటే అన్నీ దానికే మారతాయి. పాట యాప్‌లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ (విండోస్‌ని పక్కన పెట్టి పాటని నేరుగా డాంగుల్‌కి పంపేది) ఉంటే ఆన్ చేయండి, లేకపోతే పాట మారినప్పుడల్లా సెట్టింగ్ కూడా మీరే మార్చుకోవాలి. ఐఫోన్ వాళ్లకి ఇంత గొడవ లేదు. ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్‌లో లాస్‌లెస్ (ఏమీ పోగొట్టని) పాటలు తెచ్చినప్పుడే 48 దాటిన హైరెస్‌కి బయటి డాక్ కావాలని స్పష్టంగా చెప్పింది. బ్లూటూత్ వాడేవాళ్లకి ఈ గొడవే అక్కర్లేదు. కుదించకుండా పంపాలంటే సీడీ నాణ్యతకే సెకనుకి 1411 కిలోబిట్లు కావాలి, బ్లూటూత్‌లో పాటని మోసే ఎల్‌డాక్ అనే పద్ధతి ఎంత లాగినా 990 దగ్గర ఆగుతుంది. బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడుస్తూ, పక్కన కెరటాల హోరు పెట్టుకుని, చెవిలో బ్లూటూత్ పెట్టుకుని హైరెస్‌కి డేటా తగలేసే మిత్రులు నాకు చాలామందే ఉన్నారు.

దీపాన్ని ఇంత పొగిడాను కదా, ఇప్పుడు కొంచెం వెనక్కి తగ్గాలి.

మేనల్లుడు సెలవుల్లో వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ వేశాడు. ధ్వనిని రికార్డు చేసి పరిశీలించే సాఫ్ట్‌వేర్, ఉచితంగానే దొరుకుతుంది. యాప్ పాటలకు తాళం ఉంటుంది కాబట్టి ఫైల్‌ని నేరుగా తెరవలేం. అందుకని కంప్యూటర్ లోపలే తిరిగే ధ్వనిని లూప్‌బ్యాక్ పద్ధతిలో పట్టి, స్పెక్ట్రోగ్రామ్ చూశాం. పాటలో ఏ స్థాయి ఎంత ఉందో గీసి చూపే బొమ్మ అది, కింద మంద్రం, పైకి పోయేకొద్దీ కీచు. ఇక్కడ కిలోహెర్ట్జ్ అంటే ధ్వని స్థాయి, శాంపిల్ రేట్ కాదు. విండోస్‌లోనూ, ఆడాసిటీలోనూ రేట్ 96కి పెట్టడం మర్చిపోతే చూసిందంతా దండగ.

మొదట పెట్టింది 1960ల నాటి ఘంటసాల పాట. బ్యాడ్జి 24 బిట్, 96 అంది. దీపం కూడా బుద్ధిగా పసుపు చూపించింది. స్పెక్ట్రోగ్రామ్‌లో మాత్రం పది కిలోహెర్ట్జ్ దాటాక చీకటి. అది ఆయన గొంతుకి వచ్చిన లోటు ఏమాత్రం కాదు, ఆనాటి టేపులు, ఫిల్మ్ మీది ధ్వనిపట్టీ పట్టుకున్నది అంతే. తర్వాత ఈమధ్యే వచ్చిన ఓ సినిమా పాట పెట్టాం. బ్యాడ్జి మళ్లీ 96, దీపం మళ్లీ పసుపే. గీతలు 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయాయి. శాంపిల్ రేట్‌లో సగం దాకానే ధ్వని పడుతుంది కాబట్టి, 44.1లో తయారైన పాటని ఎవరో దారిలో 96కి సాగదీశారని అర్థం. తవ్వెడు బియ్యం తెచ్చి గాదెలో పోస్తే గాదె నిండినట్టా? దీపం గాదె కొలత చెబుతుంది, బియ్యం కొలత చెప్పదు. ఇందులో తప్పు స్ట్రీమింగ్ కంపెనీదో, పాట పంపిన మ్యూజిక్ కంపెనీదో మన దగ్గర తేలదు.

ఇక్కడ ఇంకో మెలిక. పైన ఏదో మసగ్గా కనిపించినంత మాత్రాన అసలు హైరెస్ దొరికిందని సంబరపడక్కర్లేదు. డీఎస్‌డీ అనే వేరే రికార్డింగ్ పద్ధతి నుంచి మార్చిన పాటల్లో పాతిక కిలోహెర్ట్జ్ పైన పెరుగుతూ పోయే ఆ మసక ఉత్త నాయిస్. పాట లయతో పాటు లేచి పడే గీతలు కనిపిస్తేనే లెక్క. అలాంటివి నాకు కొన్ని కచేరీ రికార్డింగుల్లో, ముఖ్యంగా తాళాలు, కంజీర గజ్జెలు మోగినచోట కనిపించాయి.

కనిపించాయి సరే, వినిపించాయా? కోరిన స్థాయిలో కూత పెట్టే టోన్ జనరేటర్ పెట్టి చూస్తే 12 కిలోహెర్ట్జ్ దాటాక నాకు అంతా నిశ్శబ్దం. యాభై దాటిన వయసు, మిషన్ల మధ్య ఉద్యోగం. మేనల్లుడికి 17 దాకా వినిపించింది. వాడే ఫూబార్ అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ అనే గుడ్డి పరీక్ష పెట్టి, రెండింటి వాల్యూమ్ సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించాడు. తక్కువ బిట్‌రేట్ ఎంపీ3ని గజ్జెల దగ్గర పట్టేశాను. సీడీ నాణ్యతకీ హైరెస్‌కీ తేడా నాకు అందలేదు, కుర్ర చెవులున్న వాడికీ అందలేదు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇలాగే చేసిన 554 పరీక్షల్లో 276 సరైన జవాబులు వచ్చాయి, బొమ్మా బొరుసా వేసినట్టే. 2016లో జాషువా రైస్ అనే పరిశోధకుడు పాత ప్రయోగాలు కొన్ని కలిపి లెక్కేస్తే సరైన జవాబులు 52.3 శాతం తేలాయి. శిక్షణ ఉన్నవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ. అంటే తేడా బొత్తిగా లేదని అనలేం, కానీ దానికోసం మా ఇంట్లో ఫ్యాన్ కూడా ఆపాలి. సీడీ వాడే 16 బిట్‌కే అతి మెల్లని చప్పుడుకీ అతి పెద్దదానికీ మధ్య 96 డెసిబెల్స్ అంతరం ఉంది, అందులో మెల్లనివాటిని ఫ్యాన్ మోతే మింగేస్తుంది. విశాఖలో ఏప్రిల్ వచ్చాక ఆ ఉక్కలో ఫ్యాన్ ఆపి పాట వినమంటే నావల్ల కాదు.

డాంగుల్ మన్నిక గురించి ఒక మాట. మాది సముద్రానికి దగ్గర ఇల్లు. రెండో వానాకాలానికి ఎడమ చెవిలో గరగర మొదలైంది. జగదాంబ దగ్గర సెల్‌ఫోన్ రిపేర్ చేసే కుర్రాడు జాక్ లోపల చిలుము చూపించి, స్పిరిట్‌తో తుడిచి ఇచ్చాడు. అప్పటి నుంచి సిలికా జెల్ పొట్లంతో పాటు డబ్బాలో పెడుతున్నాను. వాడుతున్నంతసేపూ వేడెక్కుతుంది, ఫోన్ ఛార్జింగ్ కూడా తాగుతుంది.

మరి కొనొచ్చా అంటే, నా ల్యాప్‌టాప్ జాక్‌లో మొదటి నుంచీ ఓ సన్నటి జుయ్ ఉండేది, డాంగుల్ పెట్టాక అది పోయింది. నాకు ఆ ఒక్కదానికే డబ్బు గిట్టింది. మీ ఫోన్, మీ ల్యాప్‌టాప్ జాక్ బాగుంటే ఈ మాట మీకు వర్తించదు. యాప్‌లో సెట్టింగ్ మాత్రం సీడీ నాణ్యత దగ్గర ఆపేశాను. 24 బిట్ 96లో గంటసేపు వింటే సుమారుగా ఒక గిగాబైట్ పైనే పోతుంది, సీడీ నాణ్యతలో దానిలో మూడో వంతు కూడా కాదు. పై ప్లాన్ ఇంకా రద్దు చేయలేదు. అది ఫ్యామిలీ ప్లాన్, మేనల్లుడు కూడా దాని మీదే ఉన్నాడు. వాడి పరీక్షలు అయ్యాక చూద్దామన్నాను.