పాత టేకు బల్ల, చేత్తో నేసిన జంపఖానా: ఎనిమిది నెలలు వాడాక

ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఈ టేకు రాత బల్ల కొని ఎనిమిది నెలలైంది. నా గదిలో మిగతావన్నీ దీన్ని బట్టే కుదురుకున్నాయి.

కొనేటప్పుడు పైపలక నేను పెద్దగా పట్టించుకోలేదు, గీతలూ మరకలూ సాండ్ పేపర్‌తో పోతాయి, పోకపోయినా ఏం కాదు. నేల మీద పడుకుని ఫోన్ లైట్ వేసి అడుగు చూశాను. కాళ్లూ అడ్డపట్టీలూ కలిసే చోట మేకుల్లేవు, ఒక చెక్కలో తొలిచిన గాడిలోకి ఇంకో చెక్క కొన బిగుతుగా దిగి ఉంది. సొరుగు పూర్తిగా బయటికి లాగితే మూలల్లో పావురం తోకలాంటి పళ్లు, వాటి మధ్య ఎడం ఒక్కోచోట ఒక్కోలా ఉంది, అంటే చేత్తో కోసినవి. పక్కనే కొలతకి గీసిన సన్నటి గీత కూడా చెరగకుండా ఉంది. అది చూశాక ఇంక ఆలోచించలేదు. చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసే పార్టికిల్ బోర్డు బల్లని రెండు మూడుసార్లు విప్పి బిగిస్తే స్క్రూలు పట్టు వదిలేస్తాయి, ఇది వదులైతే జిగురు పెట్టి మళ్లీ బిగించుకోవచ్చు.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. అమ్మినాయన పురుగు లేదని గట్టిగా చెప్పాడు. వారం తిరక్కుండానే వెనక కాలి దగ్గర పౌడర్‌లా సన్నటి పొడి రాలింది. తీరా చూస్తే ఆ ఒక్క కాలు టేకే కాదు, ఎప్పుడో మార్చి, రంగు కలిసేలా పాలిష్ కొట్టిన ఏదో మెత్తటి చెక్క! వడ్రంగితో కొత్త కాలు చేయించాను. కాబట్టి కొనేముందు కింద కాగితం పరిచి నాలుగు కాళ్లనీ తట్టి చూడండి, సూది మొనంత కన్నాలున్నాయేమో వెతకండి.

పాలిష్ నేనే చేసుకున్నాను. ముందు 120 నంబరు, తర్వాత 220 నంబరు సాండ్ పేపర్, చెక్క రేఖల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గీతలు నూనె పట్టించాక బయటపడతాయి. పైన అవిసె నూనె. ఒక్క జాగ్రత్త: నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి మంట అంటుకోవచ్చు, విప్పి ఆరుబయట ఆరేయండి. చాలా పాత పెయింటున్న సామాను అయితే అసలు గీకొద్దు, అందులో సీసం ఉండొచ్చు, లేదని టెస్ట్‌లో తేలాకే గీకండి.

బల్ల కిందికి నీలం, ఎరుపు చారల నూలు జంపఖానా నేయించుకున్నాను. నేత చాలా బాగుంది, వెనక్కి తిప్పినా ముందువైపు లాగే ఉంటుంది. తడి తెల్లగుడ్డతో రుద్దితే ఎరుపు కొంచెం అంటింది, నేసినావిడ ముందే చెప్పింది కాబట్టి విడిగా ఉతుకుతున్నాను. తప్పంతా నా కొలతలో ఉంది. బల్ల వెడల్పుకే సరిపెట్టాను, కుర్చీ వెనక్కి జరిపినప్పుడల్లా దాని కాళ్లు అంచుకి తగులుకుంటున్నాయి. మీరైతే కుర్చీ వైపు ఇంకో 60 సెంటీమీటర్లు ఎక్కువ చెప్పండి. నేను రెండోది చెప్పేశాను.

తేమ రోజుల్లో కుడి సొరుగు బిగుసుకుంటుంది, పట్టాలకి కొవ్వొత్తి రుద్దితే మళ్లీ మెత్తగా జారుతుంది.